ఐదో అంగడి

చనిపోయిన మనిషి దినాల భోజనంలో బంతి మొత్తం పగలబడి నవ్వడం నేను ఒక్కసారే చూశాను. అది మొన్న, ఎల్లారెడ్డిలో.

విస్తరి ముందు కూర్చున్న ఒక ఎడ్ల దలాలి, పోయినాయన ముచ్చట చెబుతున్నాడు.

"బిక్కురి, బిక్కురి అనేటోడు గదా, అది ఉత్త మాట కాదుర బై. అమ్మేటోనికి సైగ. పొట్టిగ అన్నడంటే ధర మీద గట్టిగ ఉండుమని. ‘బిక్కూ...రి’ అని గుంజిండంటే జర దిగుమని. రెండు దిక్కుల తిన్నడు ముసలాయన. ఒక్కనికన్న తెల్వనిచ్చిండా?"

ఆ చెప్పడంలో నింద లేదు, మెచ్చుకోలే ఉంది. పప్పు వడ్డిస్తున్న మనుమడు కూడా గరిటె ఆపి నవ్వాడు. తాత అంత మాయగాడని వినడం వాడికి సంతోషంగానే ఉన్నట్టుంది. ముద్ద దిగనిది నాకొక్కడికే. ఆ కథ అబద్ధం. దాన్ని కన్నవాణ్ణి నేనే.

ఆయన పేరు ఇక్కడ రాయను. మేమంతా బిక్కురి మామ అనే పిలిచాం. ఆ పేరుకే పలికేవాడు.

మా దిక్కు వారం వారం జరిగే ఎడ్ల సంతను అంగడి అంటాం. దాన్ని చూడనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. అక్కడ ధర నోటితో చెప్పరు. ఇద్దరి మధ్య బేరం కుదిర్చే దలాలి తన కండువా పరుస్తాడు. దాని కింద అమ్మేవాడి చెయ్యి, దలాలి చెయ్యి కలుస్తాయి. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత. తరవాత కొనేవాడితోనూ అంతే. చుట్టూ నిలబడ్డవాళ్లకు కనిపించేది కండువా కదలడం ఒక్కటే. కండువా కింద జరిగింది బయటికి రాకూడదు. దలాలి ముఖం చూసి ఎవరూ ఏమీ పసిగట్టకూడదు. అందుకని మంచి దలాలి ముఖం మట్టిగోడలా ఉంటుంది.

మామ కూడా దలాలే. ఆయన ముఖానికి మాత్రం గోడ కాదు సరికదా, తలుపు కూడా లేదు. ఎద్దు నోరు తెరిచి పళ్లు చూస్తాడు. ఆ ఎద్దు తన చెవిలో ఏదో వింత చెప్పినట్టు రెండు కనుబొమలూ పైకి లేస్తాయి. ఎడమ చెయ్యి తల మీద రుమాలు పడిపోకుండా పట్టుకుంటుంది. ఒక్క అడుగు వెనక్కి వేసి "బిక్కురి!" అంటాడు. ఆ అడుగు ఎంత దూరం పడుతుందో తెలిసినవాళ్లు ఆయన వెనక ఆ మేరకు జాగా వదిలి నిలబడేవాళ్లు. తెలియనివాళ్ల కాలి వేళ్లు నలిగేవి.

పెద్ద ఎద్దుకే అలా అనేవాడనుకోకండి. కామారెడ్డి స్టేషన్‌లో ఇంజను కూత పెట్టిన ప్రతిసారీ అనేవాడు. ఒకసారి అడిగాను.

"కూత పెడ్తదని నీకు తెల్వదా మామా?"

"తెల్వకేంది అల్లుడా? తెలుసు. తెల్సినంత మాత్రాన జడుసుకోవద్దా?"

మా ఇంటికి వస్తే మా అమ్మ సర్వపిండి పెట్టేది. మొదటి ముక్క నోట్లో వేసుకుని "బిక్కురి!" అనేవాడు. అమ్మ ముఖం వెలిగిపోయేది. బాపు వైపు తిరిగి, "పెండ్లయిన కాడికెల్లి తింటున్నవు. నువ్వు ఒక్కనాడన్న గట్ల అన్నవా?" అనేది.

"నేను తింటున్ననే, జడుసుకుంటలేను" అనేవాడు బాపు.

ఆ మాట ఎక్కడిదని చిన్నా పెద్దా అందరూ అడిగేవారు. ఊళ్లో ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పేవాడు. అరబ్బీ అనీ, ఆవుల భాష అనీ, తన పెళ్లిలో భార్య ముఖం మొదటిసారి చూసినప్పుడు దానంతట అదే నోట్లోంచి ఊడిపడిందనీ. చివరి జవాబు విన్న ఆయన భార్య, "నీ నోరు దబ్బనం పెట్టి కుట్టిస్త ఆగు" అనేది. ఆమెకు కోపం వచ్చినప్పుడు కూడా ఆయన "బిక్కురి!" అనేవాడు. దాంతో ఆ కోపం అక్కడికి ఆగిపోయేది.

అసలు సంగతి నాకొక్కడికే చెప్పాడు. నిజాంసాగర్ కట్ట పూర్తయిన కొత్తలో ఒక సాయంత్రం, ఎల్లారెడ్డి అంగడి నుంచి ఇద్దరం బండి మీద వస్తున్నాం. వయసులో ఉన్నప్పుడు ఆయన నాందేడు దిక్కు ఒక పత్తి గిర్నీలో బండి తోలాడట. అక్కడికి పత్తి కొనడానికి జపాను నుంచి ఒక దొర వచ్చేవాడట. పొట్టి మనిషి, తెల్ల టోపీ. ఊరూరా తిరిగి పత్తి చూడ్డానికి మామ బండే ఆయనకు సవారీ.

"ఒకనాడు బండి ఇప్పిన. దొర చెట్టుకింద నిలవడి పత్తి పింజె గుంజి గుంజి చూస్తున్నడు. నా ఎడమ ఎద్దు మెల్లగ వెనకకెల్లి వొయ్యి ఆయన చెవు నాకింది. గింత పొడుగు నాలుక! దొర గజ్జున ఎగిరి ‘బిక్కురి’ అన్నడు. టోపి ఒక దిక్కు, పత్తి ఒక దిక్కు."

"నిన్ను కొట్టిండా?"

"నేను గూడ గదే అనుకున్న. ఇగ నా నౌకరి పాయె అనుకున్న. ఆయన ఏం జేసిండో ఎరికేనా? నేల మీద కూసొని, కడుపు పట్టుకొని నవ్విండు. ఆయనెంబడి ఒక హిందీ వచ్చినాయన ఉండె. ఏందయ్య ఆ మాట అని అడిగిన. ‘జడుసుకున్న’ అని దానర్థమట. దొర జడుసుకున్నడు అల్లుడా. జడుసుకొని, ఔ నేను జడుసుకున్న అని కూలోళ్ల ముంగట ఒప్పుకున్నడు! మన దొరలను జూడు. పాము కరిసినా మాకు ముందే ఎరికె అంటరు."

ఎడ్లను ఒకసారి అదిలించాడు. మళ్లీ ఆయనే అన్నాడు.

"మనం జడుసుకుంటే అమ్మో అంటం, అవ్వో అంటం. ముసలామెను ఊకె ఎందుకు పిలుసుడు? పాపం ఆమె పని ఆమె చేసుకుంటుంటది. గీ మాట మంచిగున్నది. ఎవ్వల్నీ పిలువదు."

అప్పుడు నవ్వాను. ఆ మాట విలువ నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది.

ఆ బండి ప్రయాణం నాటికి నాకు పాతికేళ్లు. కొత్తగా పెళ్లయింది. ఎడ్ల జత నేనే సొంతంగా కొనుక్కొస్తానని ఇంట్లో పంతం పట్టాను. బాపు సరేనన్నాడు, మామను వెంట తీసుకుపొమ్మని మాత్రం చెప్పాడు. ఆ ఒక్క మాటతోనే నాకు మంట. ఎల్లారెడ్డి అంగడికి మామ కన్నా ముందే పోయి, బిచ్కుంద నుంచి వచ్చిన ఒక తెల్ల జతను ఎంచాను. కొమ్ములకు ఎర్ర రంగు, మెడలో గజ్జెల పట్టెడలు. నలుగురు స్నేహితులను పిలిచి, ఎద్దును ఎలా చూడాలో వాళ్లకు పాఠం చెబుతున్నాను.

మామ వచ్చాడు. జత చుట్టూ ఒకసారి తిరిగాడు. కుడి ఎద్దు మెడ మీద పట్టెడ పైకెత్తి, వేలితో రుద్దాడు. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కనుబొమలు లేచాయి. రుమాలు పట్టుకున్నాడు. అడుగు వెనక్కి పడింది.

"బిక్కురి!"

అంగడి సగం ఇటు తిరిగింది. మా దిక్కున ఎద్దు మెడ మీద సుడి ఉంటే ఇంటికి మంచిది కాదని ఎవరూ కొనరు. అమ్మేవాడు ఆ సుడి మీది వెంట్రుకలు గొరిగి, పైన సున్నం పామి, పట్టెడ కప్పాడు.

మామ తెల్లబడ్డ వేలు అందరికీ చూపించాడు. "ఎవ్వల కాడనన్న ఆకు వక్క ఉంటే తీయుండ్రి. సున్నం ఎద్దు ఇస్తున్నది!"

జనం విరగబడి నవ్వారు. అమ్మేవాడు కూడా నవ్వాడు, దొరికిపోయినవాళ్లు నవ్వినట్టు. నా స్నేహితులు అందరికన్నా ఎక్కువ నవ్వారు. ఆయన నన్ను మోసం నుంచి కాపాడాడు. ఆ సంగతి నాకు ఆ క్షణంలోనే తెలుసు. తెలిసి కూడా ఆ నవ్వు మరిచిపోలేకపోయాను.

ఆ వారమే కామారెడ్డి స్టేషన్ దగ్గర చాయ్ హోటల్లో కూర్చుని, ఆ స్నేహితులకే ఒక కథ చెప్పాను. బిక్కురి అనేది సైగ. పొట్టిగా అంటే ఆగు, పొడుగ్గా అంటే దిగు. మొదటి వాక్యం చెప్పేటప్పుడు నాకు రెండో వాక్యం తెలియదు. సాసర్లో చాయ్ పోసుకునే లోపల అదీ తట్టింది. పక్క బల్ల వాళ్లు కూడా మాటలు ఆపి విన్నారు. కథ బాగా కుదిరిందని నాకే ముచ్చటేసింది.

అది నాకంటే ముందు ఎల్లారెడ్డి చేరింది.

తరవాతి అంగడిలో మామ కండువా పరిచాడు. ఒక రైతు చెయ్యి సగం దాకా చాపి, ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి తీసుకున్నాడు. రెండో మనిషీ అంతే. మూడో మనిషి అసలు ఆ దారికే రాలేదు. దలాలికి పొలం ఉండదు, దుకాణం ఉండదు. కండువా కిందికి వచ్చే చెయ్యే ఆయనకు అన్నీ. అది రాకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

సంగతి ఏమిటో ఎవరో చెప్పారు. మామ అంతా విని, "బిక్కురి!" అన్నాడు. అని, చప్పున నోరు మూసుకున్నాడు. ఆ మాట అన్నాక ఆయన నోరు మూసుకోవడం నేను చూడడం అదే మొదలు.

కొద్దిసేపటికి ఆయనే ఒక ఉపాయం చెప్పాడు.

"వచ్చే అంగడికి నోట్లె నీళ్లు వట్టుకొని బేరం జేస్త. బేరం తెగేదాక చుక్క కిందవడది. అప్పుడన్న నమ్ముతరా?"

ఆ అంగడికి ఎడ్ల కన్నా జనం ఎక్కువ వచ్చారు. అమ్మేవాడు డోంగ్లి నుంచి వచ్చిన మరాఠీ రైతు. కొనేవాడు నాగిరెడ్డిపేట పటేలు. పోచారం చెరువు కింద పొలాలున్న, తెల్ల రుమాలు నలగనివ్వని మనిషి. మామ చెంబెత్తి బుగ్గల నిండా నీళ్లు పట్టాడు. బుగ్గలు రెండూ పూరీల్లా పొంగాయి. పిల్లలు నవ్వితే కళ్లతోనే కసిరాడు.

నేను వెనక నుంచి వెళ్లి, "ధైర్యంగ ఉండు మామా" అని మెడ మీద చెయ్యి వేసి నిమిరాను. నా అరచేతి నిండా కరిగిన బెల్లం ఉంది. చెవి కింద నుంచి భుజం దాకా శ్రద్ధగా పామాను. ఏమవుతుందో చూద్దామనిపించింది. అంతే.

బేరం బాగానే సాగింది. మామ ఒక చెయ్యి డోంగ్లి రైతుతో, ఒక చెయ్యి పటేలుతో. కండువాలు కదులుతున్నాయి. జనం ఊపిరి బిగబట్టారు. ఇంకొక్క వేలు కలిస్తే బేరం కుదిరేటట్టుంది. అప్పుడు వెనక కట్టేసిన ఒక దేవణి జాతి ఎద్దుకు బెల్లం వాసన తగిలింది. తాడు పొడవు సరిపోయింది. మెడ చాపింది. మామ చెవి కింద నుంచి పై దాకా, ఒక్క నాకు నాకింది.

బుగ్గల్లో ఉన్న నీళ్లన్నీ పటేలు ముఖం మీద పడ్డాయి. ఆ నీళ్ల వెంటే మాట కూడా వచ్చింది.

"బిక్కురి!"

నవ్వు ఎల్లారెడ్డి అంతా వినిపించి ఉంటుంది. నేనూ నవ్వాను. పటేలు మాత్రం రుమాలు పిండుకుంటూ, చెయ్యి గుంజుకుని, "చూసిండ్రా? బేరం తెగే యాళ్లకే అన్నడు. సైగ గాకపోతే ఏంది?" అన్నాడు. నవ్వు ఆగింది. ఎద్దును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అందరూ ఎప్పటినుంచో ఎదురుచూస్తున్న రుజువు దొరికింది మరి. మామ నీళ్లు కారుతున్న గడ్డంతో నిలబడి, మెడ తడుముకున్నాడు. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కండువా మడిచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ తరవాత కొన్నేళ్లు ఆయన కామారెడ్డి స్టేషన్‌కు బెల్లం బండి తోలాడు. నా పాపానికి తగిన సరుకే ఆయన మోశాడు. నేనూ అదే ఊళ్లో బెల్లం వ్యాపారంలోకి దిగాను. ఎదురైతే పలకరించేవాడు. నేను త్వరగా వెళ్లాలన్నట్టు నడిచేవాణ్ణి.

జపాను యుద్ధంలోకి దిగిందన్న వార్త వచ్చిన రోజుల్లో, గూడ్సు షెడ్డు దగ్గర ఇంజను కూత పెట్టింది. మామ అలవాటుగా "బిక్కురి!" అన్నాడు. పక్కనున్న ముకద్దం, హమాలీల పెద్ద, భయంగా చుట్టూ చూశాడు.

"ఓ ముసలాయనా, అది జపానోళ్ల మాట అంటున్నరు. బంద్ చెయ్. దుష్మన్ మాట."

"జడుసుకునుడు ఏ సర్కారుదయ్య?" అన్నాడు మామ.

అందరూ నవ్వారు. నేను మాత్రం లెక్క వేసుకున్నాను. అది జపాను మాట అన్నది నిజం, నాకొక్కడికే తెలుసనుకున్నది ఎలా పొక్కిందో. అది సైగ అన్నది నా అబద్ధం. ఈ రెండూ కలిపి ఎవడైనా ఠాణాలో చెబితే ఈ ముసలాయన ఏమవుతాడు? అప్పటిదాకా నా అబద్ధం ఆయన కూడు తీసింది. ఇక ఆయన్నే తీసుకుపోయేలా ఉంది.

బండి నీడలో కూర్చున్న ఆయన దగ్గరికి వెళ్లాను. చాయ్ హోటల్ సంగతి మొత్తం చెప్పేశాను. కనుబొమలు లేస్తాయని చూశాను. లేవలేదు.

"ఎరికే" అన్నాడు.

"ఎట్ల ఎరిక?"

"బెల్లం రాసిన చెయ్యి వేడిగుండె అల్లుడా. వణుకుతుండె. ఊకెనే రాసెటోని చెయ్యి వణుకది. గప్పుడే అనుకున్న, మొదటి కథ గూడ నీదే అని."

"మరి ఎవ్వలికి ఎందుకు చెప్పలే?"

"మీ అమ్మ సర్వపిండి బంద్ చేస్తదని."

ఇది వేళాకోళమో నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. ఏం చెయ్యమంటావని అడిగాను. అందరి ముందు చెబుతానన్నాను. ఆయన భుజం మీది కండువా తీశాడు. ఇద్దరి చేతుల మీదా కప్పాడు. "ఎన్ని అంగళ్లల్ల చెప్తవు?" అని, కండువా కింద నా రెండు వేళ్లు పట్టుకున్నాడు.

నేను ఆయన చేతి ఐదు వేళ్లూ పట్టుకున్నాను.

అడిగినదానికన్నా ఎక్కువ ఇచ్చిన బేరం ఆయన ఎన్నడూ చూసి ఉండడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెనక్కి జరిగాడు. రుమాలు పట్టుకున్నాడు.

"బిక్కురి!"

నాలుగు అంగళ్లలో చెప్పాను. ఎల్లారెడ్డిలో బండెక్కి నిలబడి చెబితే ఒక ముసలమ్మ, "మంచిదిగని కొడుకా, ఇగ మా ఎడ్లకు బెల్లం రుచి చూపియ్యకు" అంది. బిచ్కుందలో ఒకాయన నా మాటలను మరాఠీలో చెబుతూ పోయాడు, జనం నేను ఏడవబోయే చోట నవ్వారు. డోంగ్లిలో చెప్పాను. నాగిరెడ్డిపేటలో చెప్పిన రోజున ఆ పటేలే ముందుకొచ్చి, మామ కండువా కింద చెయ్యి పెట్టాడు. రెండో చేత్తో మాత్రం తనకూ మామకూ మధ్య గొడుగు తెరిచి పట్టుకున్నాడు. అట్లా చేతులు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. అన్నీ రాలేదు. నేను చెప్పిన నిజం కన్నా నేను చెప్పిన అబద్ధం బాగుందని చాలామంది దాన్నే ఉంచుకున్నారు.

ఐదోది కామారెడ్డి. అబద్ధం పుట్టిన చోటు. అక్కడ మాత్రం చెప్పలేదు. అప్పటికి నలుగురి తగవులు నా దగ్గరికి వస్తున్నాయి. పెద్దమనిషి అంటున్నారు. ఈ పెద్దమనిషి ఒకప్పుడు చాయ్ తాగుతూ ఒక మనిషి నోటి కాడి కూడు తీశాడని వాళ్లకు చెప్పడానికి నోరు రాలేదు. వచ్చే అంగడి, వచ్చే అంగడి అనుకుంటూ గడిపాను.

మామ ఒక్కసారి కూడా అడగలేదు. బజారులో ఎదురైతే, భుజం మీది కండువా అంచు కింద నుంచి బొటనవేలు ఒక్కటి పైకి లేపి చూపించి, నవ్వుకుంటూ వెళ్లిపోయేవాడు. మా ఆవిడ ఒకసారి, "ఆయనేంది, నిన్ను చూస్తే గట్ల ఏలు సూపెడ్తడు?" అంది.

"ఆయనకు అలవాటు" అన్నాను. దాన్ని కూడా ఇక్కడే దిద్దుకుంటున్నాను.

ఆఖరిసారి ఎల్లారెడ్డిలో చూశాను. నులక మంచం మీద ఉన్నాడు. మాట సరిగా రావడం లేదు. నేను కూర్చోగానే కండువా కోసం తడిమాడు. తీసి ఇచ్చాను. ఇద్దరి చేతుల మీదా తనే కప్పుకున్నాడు. కింద వెతికి, నా బొటనవేలు పట్టుకున్నాడు. ముఖం చూశాను. మట్టిగోడలా పెట్టాడు. జన్మంతా కుదరని దలాలి ముఖం ఆయనకు ఆ పూట కుదిరింది. నిద్రపట్టేదాకా వేలు వదల్లేదు.

దినాల భోజనంలో ఆ దలాలి కథ ముగిశాక నేను లేచి నిలబడి ఉండాల్సింది. చెయ్యి కడుక్కుని వచ్చేశాను. ఇంటికొచ్చి ఇది మొదలుపెట్టాను. కామారెడ్డిలో నలుగురూ చదువుతారు కాబట్టి, నలుగురి కోసం రాస్తున్నాను. బిక్కురి అంటే జడుసుకున్నాను అని. అంతకు మించి ఏమీ లేదు. పొట్టిగా అన్నా అదే, పొడుగ్గా అన్నా అదే. సైగ అన్నది నేను. బెల్లం రాసింది నేను. పప్పు వడ్డించిన ఆ మనుమడికి ఎవరైనా చదివి వినిపించండి. వాళ్ల తాత మాయగాడు కాదు. ఈ మూడు నాలుగు ఊళ్లలో, జడుసుకున్నప్పుడు జడుసుకున్నానని ఒప్పుకున్న ఒకే ఒక్క మనిషి.

ఇది ఐదో అంగడి. ఇక నా వేలు వదులు మామా.